విడాకుల పంచాయితీలో ఇంటికి వెల కట్టేముందు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు విడాకుల పంచాయితీ ఏదైనా ఇంటి దగ్గరికొచ్చేసరికి మాట తెగదు. అవతలివాళ్లు చెప్పిన అంకెకి తలూపకండి, ముందు మీ చేతిలో ఒక లెక్క ఉండనివ్వండి.

1. దస్తావేజులో పేరెవరిదో మొదట చూడండి. పెళ్లయింది కాబట్టి సగం మనదే అనుకుంటాం గానీ, మన చట్టంలో అలాంటి సగం లేదు. పేరు, మీరు కట్టిన ఈఎంఐల బ్యాంకు స్టేట్‌మెంట్లే మాట్లాడతాయి.

2. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద మీ పేరున రాసిచ్చిన స్థలం కాగితాలు వేరే కవర్లో దాచండి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది పూర్తిగా మీ సొత్తు, పంపకంలోకి రానివ్వకండి.

3. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), గవర్నమెంటు రేటు రెండూ ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. ఆ రేటు రిజిస్ట్రేషన్ ఖర్చుల లెక్క కోసమే. ‘ఇల్లు అంతే చేస్తుందమ్మా’ అని ఎవరైనా సర్దిచెప్పబోతే ఒప్పుకోవద్దు.

4. ఒక బ్రోకర్‌ని కొనేవాళ్లలా, ఇంకొకరిని అమ్మేవాళ్లలా అడగండి. అసలు ధర ఆ రెండు అంకెల మధ్య దొరుకుతుంది, పైసా ఖర్చుండదు.

5. రిజిస్టర్డ్ వాల్యూయర్‌ని ఇద్దరూ కలిసి ఒక్కరినే పెట్టుకుని ఫీజు చెరిసగం పంచుకోండి. చెరొకరిని తెచ్చుకుంటే రెండు రిపోర్టులు కొట్టుకుంటాయి, చివరికి కోర్టు అడ్వకేట్ కమిషనర్‌ని వేస్తే ఆ ఖర్చూ, వాయిదాలూ మనకే.

6. ఫీజు ముందే ఇంత అని మాట్లాడుకోండి. ఇంటి విలువలో శాతం అడిగేవాళ్లకి దణ్ణం పెట్టి పంపేయండి.

7. గడ్డిఅన్నారం, ఎల్బీనగర్ 2007లో జీహెచ్ఎంసీలో కలిసేదాకా వేరే మున్సిపాలిటీలు. అప్పట్లో కట్టిన ఇల్లయితే పాత ప్లాను వెతికిపెట్టండి. పర్మిషన్ లేకుండా వేసిన పై అంతస్తుకి నిండు ధర రాదు.

8. పాత అపార్ట్‌మెంట్ అయితే గోడల్ని చూసి దిగులు పడకండి, మీ వాటాకి నేల ఎన్ని గజాలొస్తుందో దస్తావేజులో చూడండి. కొత్తపేట లాంటి చోట ధరంతా ఆ గజాల్లోనే ఉంటుంది.

9. ఇల్లు వదిలి డబ్బు తీసుకునేవాళ్లు 2018లో వచ్చిన మెట్రో ఎంత దగ్గరో రాయించండి. ఇల్లు ఉంచుకునేవాళ్లు 2020 వరదల్లో సరూర్‌నగర్ చెరువు నీళ్లు వచ్చాయా, చైతన్యపురి మూసీ వైపు 2024లో కూల్చివేత మార్కింగ్ పడిందా అన్నవీ రాయించండి. అవతలివాళ్లు వాళ్లకి కావాల్సింది ఎలాగూ రాయిస్తారు!

10. హాస్టల్‌కి అద్దెకిచ్చిన ఇల్లయితే అగ్రిమెంటు, అద్దె పడిన బ్యాంకు ఎంట్రీలు వాల్యూయర్‌కి చూపించండి. అద్దె గట్టిదైతే విలువా పెరుగుతుంది.

11. విలువ కట్టించిన తేదీకే లోన్ బాకీ ఎంతో బ్యాంకు నుంచి కాగితం తెచ్చుకోండి. ఇల్లు ఎనభై లక్షలు, బాకీ ముప్పై అయితే మాట్లాడుకోవాల్సింది యాభై గురించే.

12. లాయర్ ఫీజుకి భయపడి ఆగిపోకండి. ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల దగ్గర న్యాయసేవాధికార సంస్థని అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.

13. పరస్పర అంగీకార విడాకుల్లో ఆరు నెలలు ఆగమనడం మామూలే, ఈలోగా ధర మారిపోతుంది. అందుకే రాజీ కాగితంలో ఏ తేదీ విలువ ఖాయమో, డబ్బు ఎప్పటికి ఇవ్వాలో, డోర్ నంబరు, నాలుగు హద్దులతో సహా రాయించుకోండి. తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగే పని తగ్గుతుంది.