ప్రశ్నలు – జవాబులు: పాస్‌వర్డ్ ఎవరి సొత్తు?

ప్రశ్న: విజయవాడలో ఏడు సంస్థలకు ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) మీద కంప్యూటర్లు చూసే ఇంజినీరుకు ఒక హోల్‌సేల్ వ్యాపారి నాలుగు నెలలుగా డబ్బివ్వడం లేదు. ‘సర్వర్ పాస్‌వర్డ్ నా ఒక్కడి దగ్గరే ఉంది. మార్చేస్తే దారికొస్తాడు కదా?’ అంటున్నారాయన.

జవాబు: వ్యాపారి సంగతి అటుంచి, ముందు ఇంజినీరే స్టేషన్ మెట్లెక్కాలి. హక్కున్నవాళ్లకు కంప్యూటర్ అందకుండా చేయడం ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద తప్పు. దురుద్దేశంతో చేశారని తేలితే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

బాకీకి వేరే దారి ఉంది. చిన్న సంస్థల ఉద్యమ్ నమోదుకు పైసా ఖర్చు లేదు. అది ముందే చేయించుకుని ఆ నంబరు బిల్లు మీద వేస్తే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం అండగా ఉంటుంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే గడువు మహా అయితే 45 రోజులు, లేకపోతే 15 రోజులే. ఆపైన బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. పైగా గడువు దాటిన బాకీని చెల్లించేదాకా వ్యాపారి పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపలేడు. మార్చి నెలాఖరులో ఆ మాట ఆయన ఆడిటరే చెబుతాడు.

అసలు భయపెట్టేది బాకీ కాదు, ‘నా ఒక్కడి దగ్గరే’ అన్న మాట. ఇలా పది చోట్ల తిరిగేవాళ్లు గుర్తుంటుందని అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ పెట్టేస్తుంటారు. ఒకచోట అది జారిందా, మిగతావాళ్లంతా బజార్న పడ్డట్టే. పాస్‌వర్డ్ వల్ల కాకపోయినా ఇలాంటి గొలుసు దెబ్బే 2021 జులైలో పడింది: కసేయా సాఫ్ట్‌వేర్‌లో లోపం దొరకబుచ్చుకున్న హ్యాకర్ల ముఠా, దాన్ని వాడే సపోర్ట్ కంపెనీల మీదుగా 1,500 దాకా వ్యాపారాలను తాకింది. స్వీడన్‌లో కూప్ సూపర్‌మార్కెట్లు వందల్లో మూతపడ్డాయి. కూప్ కసేయా కస్టమరే కాదు! దాని బిల్లింగ్ కౌంటర్లు చూసే సంస్థ వాడింది, అంతే.

కాబట్టి క్లయింటుకో పాస్‌వర్డ్. దాన్ని కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అతుకు మీద తేదీ, సంతకం చేసి ఓనరు బీరువాలో పెట్టించాలి. ఇంజినీరు తన పేరుతో విడి లాగిన్ వాడుకోవాలి. మానేసిన రోజు అదొక్కటి తీసేస్తే సరి.

ప్రశ్న: ఏలూరు పాఠకుడి బిల్లుల్లో క్లయింట్లు టీడీఎస్ కోస్తున్నారు. ఆ డబ్బు పోయినట్టేనా?

జవాబు: కోసింది తన పాన్‌లో జమైందో లేదో చూసుకుని రిటర్ను వేస్తే, పన్ను పోను మిగిలింది తిరిగొస్తుంది.

ప్రశ్న: రాత్రి పదకొండుకు ప్రింటర్ కోసం ఫోన్ చేస్తే ఎత్తాలా అని హనుమకొండ ఇంజినీరు అడుగుతున్నారు.

జవాబు: ఏఎంసీలో పనివేళలు రాసుకుంటే అక్కర్లేదు. రాసుకోకపోతే ఎత్తి, పొద్దున్నే విజిట్ చార్జీ బిల్లు పంపాలి.