తొలకరి కన్నా ముందే బండి పైపులు చూసుకోండి

యాసంగి కోతలు ముగిశాయి, రోహిణి కార్తె ఎండలు మండుతున్నాయి. వర్గల్ మండలంలో ఇప్పుడు ఎవరిని కదిపినా విత్తనాలు, ఎరువుల లెక్కే. ట్రాక్టరుకు, కూరగాయలు తోలే పికప్ బండికి ఉన్న పైపుల లెక్క కూడా ఈ పది పదిహేను రోజుల్లోనే తేల్చుకోవాలి. రేడియేటర్ నీళ్ల పైపు, పవర్ స్టీరింగ్ పైపు, హైడ్రాలిక్ పైపు, గేర్ ఆయిల్‌ను చల్లార్చే కూలర్ పైపు ఒక్కోటి ఒక్కో పని చేస్తాయి గానీ అన్నీ చెడే తీరు ఒకటే. పగలడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషానికి ముందు నెలల తరబడి చెడుతూనే ఉంటాయి. ఆ నెలల్లో ఏదో ఒక గుర్తు చూపిస్తూనే ఉంటాయి. కాబట్టి పగిలే దాకా ఆగకుండా, గుర్తు కనబడగానే పైపు మార్చడమే లాభసాటి.

ఏ బండికి ఏ పైపు ఉంటుందో ముందు తెలుసుకోవాలి. మన దగ్గర సరుకు తోలే పికప్‌లలో ఎక్కువ భాగం చేత్తో గేరు మార్చేవే. వాటి గేర్‌బాక్స్‌లో పళ్లచక్రాలే నూనెను చిమ్ముకుంటూ తడుపుకుంటాయి, బయట కూలర్ పైపులు ఉండవు. ఆటోమేటిక్ గేర్ల పికప్‌లలో మాత్రం వేడెక్కిన నూనె కూలర్‌కు వెళ్లి, చల్లబడి తిరిగొస్తుంది. చాలా ట్రాక్టర్లలో గేర్లకు, డిఫరెన్షియల్‌కు, లిఫ్టుకు ఒకే నూనె. కొన్ని మోడళ్లకు రేడియేటర్ ముందు ఆయిల్ కూలర్ కూడా ఉంటుంది. అలాంటి చోట ఒక్క పైపు కారినా లిఫ్టు లేవకపోవడంతో ఆగదు, నూనె అందక గేర్లు, బేరింగులు అరుగుతాయి.

ఈ పైపులను తినేవి వేడి, రాపిడి, తుప్పు. కరిగట్టు దున్నకంలో కేజ్‌వీల్స్ వేసిన ట్రాక్టరు నిండు బరువుతో నెమ్మదిగా నడుస్తుంది. రోడ్డు మీద తగిలే ఎదురుగాలి మడిలో ఉండదు, చల్లార్చే భారమంతా ఫ్యాను మీదే పడుతుంది. కోతలప్పటి పొట్టు, దుమ్ము కూలర్ జల్లెడలో ఇరుక్కుని ఉంటే ఆ గాలి కూడా లోపలికి పోదు. నూనె, నీళ్లు మితిమీరి కాగితే రబ్బరు గట్టిపడి బీటలిస్తుంది, లేదా నూనె తాగి ఉబ్బుతుంది. రేడియేటర్‌లో బోరు నీళ్లే పోస్తే లోపల సున్నపు పొర పేరుకుని వేడి మరింత పెరుగుతుంది. అందుకే కంపెనీ చెప్పిన కూలెంట్, శుద్ధి చేసిన నీరు కలిపి పోయాలి. పైపును పట్టి ఉంచే క్లిప్పు ఊడితే, ఇంజన్ అదురుకు అది ఛాసిస్‌కు రాసుకుని అరుగుతుంది. ఇనుప గొట్టాలకు యూరియా, బురద అంటి తడిగా ఉండిపోతే తుప్పు పడుతుంది. ఎరువు తోలిన రోజే బండి అడుగు భాగాన్ని కడగడం మంచిది.

'కారేది నాలుగు చుక్కలే, నూనె పోసుకుంటూ పోతే సరిపోదా?' అనే రైతులున్నారు. పోసినంత కాలం బండి నడుస్తుంది నిజమే. కానీ రంధ్రం అలాగే ఉంటుంది, పెద్దదవుతుంది, బరువు లాగే రోజునే తెగుతుంది. 'బాగున్న పైపుకు డబ్బెందుకు పెట్టాలి?' అనేది ఇంకో మాట. బాగున్నదాన్ని మార్చమని ఎవరూ చెప్పరు. గట్టిపడ్డది, ఉబ్బింది, బీటలిచ్చింది, చివర్ల దగ్గర చెమ్మగిల్లింది బాగున్నట్టు కాదు. తెల్లారేలోపు వంటిమామిడి మార్కెట్‌కు చేరాల్సిన టమాటా బండి గౌరారం దగ్గర రాజీవ్ రహదారి మీద ఆగిపోతే, పైపు ఖర్చుతో పాటు ఆనాటి సరుకు ధరా పోతుంది. 'అది మెకానిక్ పని' అనేవారికి ఒకటే జవాబు: బిగించడం మెకానిక్ పనే, కానీ పొద్దున్నే బండి కింద పడిన మరకను చూడగలిగేది దాని యజమానే.

చూసే పద్ధతి కష్టమేమీ కాదు. రాత్రి బండి కింద అట్టముక్క పరచండి. పొద్దున మరక ఎక్కడ పడిందో, ఏ రంగులో ఉందో చూస్తే కారే చోటు దొరుకుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే పైపులను నొక్కి చూడండి, వేడి మీద రేడియేటర్ మూత తీయకండి. పని చేస్తున్న హైడ్రాలిక్ పైపును చేత్తో తడమవద్దు. చాలా ట్రాక్టర్లలో ఆ ఒత్తిడి 150 బార్‌ల పైనే ఉంటుంది. సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే నూనె చర్మం లోపలికి దూరుతుంది. గాయం చిన్నగా కనబడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ట్యూబు ముక్క చుట్టి బైండింగ్ వైరు కట్టడం ఇంటికి చేరేదాకానే, సీజన్ గడిపేందుకు కాదు. కొత్త పైపు అదే కొలతలో, అదే ఒత్తిడిని, నూనె వేడిని తట్టుకునే రకంలోనే కొనండి. నీళ్ల పైపును నూనెకు వాడితే కొద్ది రోజులకే మెత్తబడుతుంది. మార్చిన తేదీని, ఆ తర్వాత పోసిన నూనె లెక్కను ఎరువుల ఖాతా పుస్తకంలోనే ఒక పేజీలో రాసుకోండి. మృగశిర వానలు మొదలయ్యాక ట్రాక్టరు మడిలో ఉంటుంది, మెకానిక్ షెడ్డు ముందు వరుస ఉంటుంది. తీరిక ఉన్నది ఇప్పుడే.