లత పేటలో కోడి చారు

పిల్లలూ, లత అంటే తెలుగులో తీగ. మన యాంగోన్‌లో మాత్రం చైనావాళ్ళ పేట. అక్కడి మూలికల కొట్లలో ఎర్రగా, ముడతలు పడ్డ ఎండు పళ్ళు చూశారా? అవి భోగినాడు మీ తలమీద పోసే రేగుపళ్ళకు దాయాదులు. రెండూ జిజిఫస్ జాతివే! డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ చలి 18 డిగ్రీల దాకా వస్తుంది కదా, అప్పుడు ఈ పళ్ళతో కోడి చారు కాయండి, పెద్దవాళ్ళ సాయంతో.

ఎముకలున్న అరకిలో కోడిమాంసం మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి, ఆ నీళ్ళు పారబోయాలి. తెట్టు పోతుంది. తరువాత లీటరున్నర నీళ్ళు, దంచిన అల్లం, ఆరు ఎండు పళ్ళు వేసి సన్నసెగమీద గంటసేపు కాయాలి. మంట పెంచితే చారు తేటగా రాదు. దించేముందు ఉప్పు, మిరియాల పొడి.

కొందరు దాంగ్‌గుయ్ అనే వేరు కూడా వేస్తారు. రక్తం పలచబడే మందులు వాడే తాతయ్యలు, అమ్మమ్మలు ఉన్న ఇంట్లో అది వద్దేవద్దు.

తాగేటప్పుడు అన్నిటికీ "హాట్" అనకండి. పొయ్యి ఇచ్చేది వేడి. మిరపకాయది కారం. మిరియాలది ఘాటు. మరి అల్లానిది? తాగి, వచ్చే క్లాసులో చెప్పండి.