కొత్తనీళ్ళు రాకుండా చేప గుడ్లు ఎట్లా పెడుతుంది?



తొలకరి వానకు కొత్తనీళ్ళు వస్తే చేపలు ఎదురెక్కుతాయని మా కోయ గూడెంలో అందరికీ తెలుసు. మా అమ్మకు అక్షరాలు రావు, కానీ వాగులో వెదురు బుట్ట ఏ రోజు పెట్టాలో మబ్బు చూసి చెప్తుంది. అవి ఎదురెక్కేది గుడ్లు పెట్టడానికి. మరి వాన పడిందని చేప కడుపులోని గుడ్లకు ఎవరు చెప్పారు? ఇదే ఈ పాఠం.

మన పక్కనున్న హిమాయత్ సాగర్ 1908 మూసీ వరద తర్వాత ఈసీ నది మీద కట్టినది, 1927లో పూర్తయింది. ఇక్కడ గట్టు మీద అమ్మే బొచ్చె, రోహు పారే నీళ్ళ చేపలు. చిన్న చెరువులో, కుంటలో పెంచితే వాటి కడుపులో గుడ్లు తయారవుతాయి గానీ మామూలుగా బయటికి రావు. (కొర్రమీనుకు ఈ పట్టింపు లేదు, నిలవ నీళ్ళలోనే గూడు చేసుకుంటుంది.) అందుకే పూర్వం చేపపిల్లల కోసం నదుల్లో వలలు కట్టేవారు.

గుడ్డు అండాశయంలో ఉంటుంది, హుకుం మాత్రం మెదడు నుంచి రావాలి. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. చేపలో అది నీటి వేడి, ప్రవాహం, పగటి పొడవు లాంటి కబుర్లన్నీ విని జి.ఎన్.ఆర్.హెచ్. అనే రసాయనాన్ని పంపుతుంది. అది పీయూష గ్రంథిని తట్టి లేపుతుంది. పీయూష గ్రంథి ఎల్.హెచ్. అనే హార్మోన్‌ను రక్తంలోకి వదిలితే అండం పక్వమై విడుదలవుతుంది. దీనినే అండోత్సర్గం అంటారు. చెరువులో నీళ్ళు కదలవు కాబట్టి హుకుం రాదు.

1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఒక ఉపాయం చేసి చూపించారు. ఒక చేప పీయూష గ్రంథిని తీసి, నూరి, ఆ రసాన్ని ఇంకో చేపకు సూది వేశారు. వాగు లేకుండానే చేప గుడ్లు పెట్టింది! అందుకే జూలై 10ని మన దేశంలో చేపల రైతుల దినంగా జరుపుతారు. రాజేంద్రనగర్ దగ్గర బస్సులోంచి మనం వేళ్ళు చూపించే చేప ఆకారపు బిల్డింగు ఉంది కదా, అది జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు ఆఫీసు.

తర్వాత ఇంకో సంగతి తెలిసింది. మెదడులోనే డోపమైన్ అనే ఇంకో దూత ఉంది. ఈ చేపల్లో అది బండికి బ్రేకు లాంటిది, ఎల్.హెచ్.ను రానివ్వదు. ఒక్క జి.ఎన్.ఆర్.హెచ్. ఇస్తే బ్రేకు మీద కాలుంచి బండి నెట్టినట్టే. అందుకే ఇప్పుడు హేచరీలలో వాడే ఓవాప్రిమ్ సూదిలో రెండు మందులుంటాయి. ఒకటి జి.ఎన్.ఆర్.హెచ్. లాంటిది, రెండోది బ్రేకు విప్పే డోంపెరిడోన్. వాంతులకు డాక్టర్లు రాసే మాత్ర అదే!

ఇక మన సంగతి. సిగ్గుపడి చదవడం ఆపకండి, వార్డెన్ మేడం గారే రాయమన్నారు. మన మెదడులో కూడా జి.ఎన్.ఆర్.హెచ్. ఉంది, గంటకో గంటన్నరకో ఒకసారి కొద్దికొద్దిగా వస్తుంది. దాని రూపం కనిపెట్టిన పనికి షాలీ, గిలెమిన్ అనే ఇద్దరికి 1977లో నోబెల్ బహుమతి ఇచ్చారు. లక్షకు పైగా పందుల మెదళ్ళు పోగుచేస్తే గానీ షాలీ గారికి అది సరిపడా దొరకలేదు. దాన్ని నిద్రలేపే దూత పేరు కిస్‌పెప్టిన్. అది దొరికిన అమెరికా ఊళ్ళో తయారయ్యే చాక్లెట్ పేరే దానికి పెట్టారు.

డోపమైన్ మనలో వేరే పని చేస్తుంది, పాల హార్మోన్ అయిన ప్రొలాక్టిన్‌ను అదుపులో పెడుతుంది. ఆ బ్రేకు విప్పితే ప్రొలాక్టిన్ పెరిగి, జి.ఎన్.ఆర్.హెచ్. తగ్గి, నెలసరి ఆగవచ్చు. చేపకు గుడ్లు విడిపించిన మందే మనకు తిరగబడగలదన్న మాట. కాబట్టి ఎవరో ఇచ్చిన మాత్ర మింగకండి.

తిండి చాలకపోయినా, బరువు బాగా తగ్గినా, ఇంటి మీద బెంగ పెట్టుకున్నా మెదడు హుకుం తగ్గించేస్తుంది. ఇంట్లోంచి కొత్తగా హాస్టల్‌కు వచ్చిన ఒక అమ్మాయికి మూడు నెలలు నెలసరి రాలేదు. ఆమె వెనక కొందరు ఏమేమి అన్నారో ఇక్కడ రాయను. ఎవరూ ఆమెను "అన్నం తింటున్నావా, నిద్ర పడుతోందా" అని అడగలేదు. నాకైతే ముందు అడగాల్సింది అదే అనిపిస్తుంది. చేప గుడ్లు పెట్టకపోతే నీళ్ళు చూస్తారు, చేపను తిట్టరు.

మొదటి రెండు మూడేళ్ళు నెలసరి 21 రోజులకు రావచ్చు, 45 రోజులకూ రావచ్చు, అది మామూలే. 15 ఏళ్ళు నిండినా మొదలు కాకపోయినా, మొదలయ్యాక 90 రోజులు దాటినా నర్సమ్మకు చెప్పాలి. తేదీలు నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుంటే డాక్టరు అడిగినప్పుడు చూపించవచ్చు.

– 9వ తరగతి విద్యార్థిని