తెర మీది మత్తయి, వాక్యంలోని మత్తయి

మన పిల్లలు చాలామంది ఇప్పుడు ‘ది చోజెన్’ చూస్తున్నారు. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చూసి పెరిగిన పెద్దలం మనం, వద్దనలేం. సీరియల్ బాగుంది కూడా. అయితే అందులో చిన్న యాకోబు కుంటుతూ నడుస్తాడు. మత్తయి నలుగురిలో కలవలేని, లెక్కల్లో మునిగిపోయే యువకుడు. ఇవి రచయితల ఊహలు. మత్తయి 9:9 చెప్పేది ఇంతే: సుంకపు మెట్టు దగ్గర కూర్చున్నాడు, ప్రభువు పిలిచాడు, లేచి వెంబడించాడు.

పిల్లవాడు సండే స్కూల్లో “అలా బైబిల్లోనే ఉంది” అంటే కోప్పడకండి. ఎపిసోడ్ అయ్యాక ఆ అధ్యాయం కలిసి చదవండి, వీలైతే తెలుగులోనే. బెరయ వారు పౌలు బోధనే లేఖనాలతో పోల్చి చూశారు (అపొ. కార్యములు 17:11), సీరియల్ ఎంత? ఈ వారం లూకా 5:27-32 చదివి, లేవీ ఇంటి విందులో ఎవరెవరున్నారో పిల్లల్నే చెప్పమనండి.