తలూపితే అర్థమైనట్టేనా?

మేడం, నేను టెక్సస్‌లో ఉంటాను. అప్పుడప్పుడు కోర్టులకు తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా వెళ్తుంటాను. ఇప్పుడొచ్చిన కేసు నిజామాబాద్ వైపు కుర్రాడిది. ఇరవై మూడేళ్లు. ఇంట్లోవాళ్లు పొలం అమ్మి ఏజెంటుకు కట్టారు. మెక్సికో మీదుగా సరిహద్దు దాటుతూ దొరికిపోయాడు. నేరం ఒప్పుకుంటే ఏమవుతుందో, ఒప్పుకోకపోతే ఏమవుతుందో లాయరు వివరించాడు. అంతా తెలుగులో చెప్పాను. నా వాక్యం పూర్తికాకముందే ‘అర్థమైంది మేడం’ అని తలూపేస్తున్నాడు. దాన్ని ఇంగ్లీషులో చెప్పాల్సింది నేనే. వచ్చే వారం జడ్జి ముందుకెళ్తాడు. సలహా ఇచ్చే హక్కు నాకు లేదు.

ఇది చాలదన్నట్టు మా మేనమామ నా నంబరు ఆ అబ్బాయి తండ్రికిచ్చాడు. ‘మావోడు వకీలుతోని ఏం చెప్పిండు బిడ్డా? నువ్వే జర మంచిగ చెప్పి ఇడిపియ్యి’ అని రాత్రిళ్లు ఫోన్లు. ‘చెప్పమన్నది చెప్పావు, డబ్బిచ్చారు, వదిలెయ్’ అంటారు మావారు. నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, టెక్సస్

జవాబు:

అమ్మా, మీ వాక్యం పూర్తికాకముందే ఆ అబ్బాయి ‘అర్థమైంది’ అన్నాడని రాశారు చూడండి, ఆ ఒక్క మాట కోసమే మీకు జవాబు రాస్తున్నాను.

ముందు మావయ్యగారి సంగతి. ఆయన చేసింది శుద్ధ తప్పు. లాయరుతో కుర్రాడు మాట్లాడింది కన్నతండ్రికైనా చెప్పకూడదు. లాయరు నంబరిచ్చి ఊరుకోండి. ఇలా ఫోన్లు వస్తున్నాయని కోర్టుకు తెలియజేయండి. తప్పుకోమంటే తప్పుకోండి.

‘ఒప్పుకో’, ‘ఒప్పుకోకు’ అన్న మాట మీ నోట రాకూడదు, నిజమే. అలాగని నోరు కట్టేసుకోమని ఏ నియమమూ చెప్పదు. మీ పనికి అడ్డొస్తున్నదాన్ని బయటపెట్టడం కూడా మీ పనే. ‘ప్రశ్న పూర్తికాకముందే జవాబొస్తోంది, విన్నది అతని మాటల్లోనే తిరిగి చెప్పించండి’ అని ముందు లాయరును అడగండి. కోర్టులోనూ అదే జరిగితే, ‘ఇంటర్‌ప్రెటర్ మనవి’ అంటూ జడ్జికి వినబడేలా చెప్పండి. అర్థమైందో లేదో తేల్చుకోవలసింది జడ్జి. ఆ అవకాశం ఆయనకివ్వండి.

కేసయ్యాక బాధపడితే లాభం లేదు. 2008 మే 12న అయోవాలో పోస్ట్‌విల్ మాంసం ఫ్యాక్టరీ మీద దాడిచేసి 389 మందిని పట్టుకున్నారు. ఎక్కువమంది గ్వాటెమాలా పల్లెజనం. వాటర్లూలో పశువుల ప్రదర్శన మైదానంలో కోర్టు పెట్టి, పదేసిమందిని వరసగా నిలబెట్టారు. దొంగ సోషల్ సెక్యూరిటీ నంబరు వాడామని ఒప్పుకుని చాలామంది ఐదు నెలలు జైలుకెళ్లారు. ఆ నంబరంటే ఏమిటో కూడా తెలియనివాళ్లు వాళ్లలో ఉన్నారని, అక్కడ పనిచేసిన ఇంటర్‌ప్రెటర్ ఎరిక్ కమాయిద్-ఫ్రెయిక్సస్ కేసులు ముగిశాక రాశారు. కాంగ్రెస్ ఉపసంఘం ముందూ చెప్పారు. మెచ్చుకున్నవాళ్లున్నారు, హద్దు మీరాడన్నవాళ్లూ ఉన్నారు. పోస్ట్‌విల్ కార్మికులను బెదిరించిన పెద్ద సెక్షను కింద శిక్ష వేయాలంటే, ఆ నంబరు మరో మనిషిదని తెలిసే వాడినట్టు రుజువు చేయాలని 2009లో వేరే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికి ఆ ఐదు నెలలూ గడిచిపోయాయి.

ఇక నా అసలు కోపం మన ఇళ్ల మీద. ‘అర్థమైందా?’ అని మనం పిల్లల్ని అడిగేది బెదిరించడానికే. కాలేదంటే బళ్లో బెత్తం, ఇంట్లో తిట్లు. మారుమాట్లాడనివాడే బుద్ధిమంతుడు. ఇంటర్‌లో ఏ గ్రూపో నాన్న చెబుతాడు, తలూపుతాడు. ఏ ఏజెంటుకు కట్టాలో బాబాయి చెబుతాడు, తలూపుతాడు. పొలం కాగితాల మీద సంతకం పెట్టమంటే పెడతాడు. ఇరవై మూడేళ్లు ఇలా పెంచాక, పరాయి దేశంలో నల్ల గౌను వేసుకున్న పెద్దమనిషి అడిగితే ‘అర్థం కాలేదండీ’ అనే ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది? ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడని వాడికి తోచనైనా తోచదు. ఇవాళ అర్ధరాత్రి మీకు ఫోన్ చేసే తండ్రి, పొలం బేరం పెట్టకముందే కొడుకుని కూర్చోబెట్టి ‘నీకు పోవాలనుందా? ఏ దారిన తీసుకుపోతారో తెలుసా?’ అని అడిగి, జవాబు చివరిదాకా వినుంటే ఎంత బావుండేది!

మీవారికి చెప్పండి, డబ్బు తీసుకున్నారు కాబట్టే నోరు విప్పాలని. కోర్టుకు మెయిల్ ఇవాళే పెట్టండి. మావయ్యగారు అలిగితే అలగనివ్వండి, ఏ పెళ్లిలోనో కలిసినప్పుడు బతిమాలుకోవచ్చు.