మామూలు మంగళవారం సంగతి

చెల్లెమ్మా, క్రిస్మస్‌కి దుప్పట్లు పంచడం, ఈస్టర్‌కి ప్రేమ విందు పెట్టడం మంచివే, జరగాలి. ఈ నెల ముచ్చట మాత్రం ఏ పండగా లేని మామూలు మంగళవారం గురించి. ఆ రోజున రెండిళ్ల అవతల ఎవరికి ఏ అవసరం ఉందో మనకు తెలుసా?

సంఘంలో ఒంటరిగా ఉండే పెద్దమ్మకి శుక్లాల ఆపరేషన్ అయిందనుకో. ఆసుపత్రికి నలుగురు తోడెళతారు, ప్రార్థనకి పదిమంది వస్తారు. ఆ తర్వాత? వారాల తరబడి, రోజుకి ఇన్నిసార్లని చుక్కలమందు వేయాలి. ఆమె చెయ్యి వణుకుతుంది, చుక్క చెంప మీద పడుతుంది. సబ్బుతో చేతులు కడుక్కుని, ఆమెను పడుకోబెట్టి, కింది రెప్ప మెల్లగా లాగి, సీసా మూతి కంటికి తగలకుండా ఒక్క చుక్క వేయాలి. కళ్లు మూసుకోమని చెప్పి, రెండో మందుకి ఐదు నిమిషాలు ఆగాలి. ఆ ఐదు నిమిషాల్లో ఆమె కొడుకు ఫోన్ చేయని సంగతి చెబుతుంది. వినాలి. రేపూ అదే చెబుతుంది, రేపూ వినాలి. నాకైతే ఇదీ ఆరాధనే.

అపొస్తలుల కార్యముల్లో 9వ అధ్యాయం తీసి, యొప్పేలోని తబితా గురించి మళ్లీ చదువు. ఆమె మాట ఒక్కటీ అక్కడ రాసి లేదు. ఆమె చనిపోతే విధవరాండ్రు పేతురు దగ్గర ఏడుస్తూ, ఆమె కుట్టిచ్చిన అంగీలూ బట్టలూ చూపించారు. కుట్టాలంటే మనిషి కొలత తెలియాలి కదా! ఎవరి భుజం ఎంతో, ఎవరి చెయ్యి ఎంత పొడుగో ఆమెకు తెలిసే ఉంటుందని నాకు అనిపిస్తుంది. ఎదుటి మనిషిని అంత దగ్గరగా ఎరిగి ఇచ్చింది కాబట్టే ఆ బట్టలు వాళ్లకు అంత ప్రాణం.

మన గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి కథా ఇలాంటిదే. అన్నా కుగ్లర్ గారు 1883లో అమెరికా నుంచి వచ్చారు. డాక్టరే అయినా, మిషన్ వారు పంపింది ఇళ్లలోని ఆడవాళ్లకు బోధించే పనికి. ఆ పని చేస్తూనే రోగుల్నీ చూశారు. ఆసుపత్రి తెరుచుకుంది 1898లో. అన్నాళ్లూ అది లేదని ఆమె చేతులు ముడుచుకుని కూర్చోలేదు.

మన అమ్మమ్మలు కూలి చేసి తెచ్చుకున్న బియ్యం ఎసట్లో పోసేముందు, పిడికెడు తీసి డబ్బాలో వేసి ఆదివారం గుడికి తెచ్చేవారు. మిగిలితే ఇద్దామని ఆగలేదు. నీకు తీరిక కూడా అంతే, మిగలదు. ముందే కాస్త తీసి పెట్టుకోవాలి.

ఇంకో మాట గట్టిగానే అంటాను. నడుముకి తువాలు కట్టుకుని పాదాలు కడిగింది మన ప్రభువు. మరి ప్రేమ విందయ్యాక గుండిగలు తోమడం ఎప్పుడూ స్త్రీల సమాజం పనేనా? యవ్వనస్థుల్ని పిలిచి పీచూ సబ్బూ చేతికివ్వండి. నేర్చుకుంటారు.

నువ్వూ కొంచెం నేర్చుకోవాలి తల్లీ. ఊరందరికీ చేస్తావు, నీకెవరైనా చేయబోతే ఒప్పుకోవు. పేతురూ మొదట తన పాదాలు కడగొద్దన్నాడు, ప్రభువు ఒప్పుకోలేదు. ఈసారి నీకు జ్వరమొచ్చి పక్కింటి పిల్ల మిరియాల చారు తెస్తే, "ఎందుకమ్మా శ్రమ" అనకుండా గిన్నె అందుకుని తాగు.